కంపెనీ పాలు

అద్దంకి బైపాసులో కంపెనీ కాఫీ షాపు నడిపే దేవకుమారి శుభ్రంగా ఉన్న గాజుబల్లనే మళ్ళీ మళ్ళీ తుడుస్తుంది. రోడ్డు మీద వ్యాను చప్పుడైతే చాలు, చేతిలో గుడ్డతోనే గుమ్మంలోకి వస్తుంది. పాలు, పొడి, కప్పులు అన్నీ కంపెనీ వ్యానులోనే రావాలి. బయటి సరుకు వాడితే షాపు తీసేస్తారు. ఆ ఉదయం వ్యాను చిలకలూరిపేట దగ్గర పత్తి లారీల వెనక ఇరుక్కుపోయింది. ఇక్కడేమో పెళ్ళివారి బస్సు వచ్చి ఆగింది. “పాలు రాలేదండీ, ఏమీ అనుకోకండి,” అని దిగినవాళ్ళందరికీ ఆమె తలొంచుకుని చెబుతూనే ఉంది.

షాపు వెనక దొడ్లో గేదెల్ని పితికిన మేనమామ జోసఫ్ ఆ మాట విని పాలబిందెతో లోపలికొచ్చాడు.

“ఇన్ని పాలు పెట్టుకుని జనాన్ని పంపేస్తావేంటే? ఇదిగో, కాచెయ్!”

దేవకుమారి గోడమీద కంపెనీవాళ్ళు పెట్టిన కెమెరా వంక చూసింది. “వద్దు మావయ్యా, వాళ్ళు చూస్తారు.”

“ఎవరే చూసేది?”

“నాకూ తెలీదు మావయ్యా.”

జోసఫ్ కాసేపు ఆ కెమెరా కేసి చూశాడు. తర్వాత బిందె రెండు చేతులా పైకెత్తి దానికి చూపించాడు.

“అయ్యా, చుక్క నీళ్ళు కలపలేదండీ. మంచి పాలండీ ఇవి.”

కెమెరా పలకలేదు. బయట పెళ్ళివారి బస్సు కదిలిపోయింది.