దానయ్య నోట రాని మాట

ప్రత్తిపాడుకు దక్షిణాన ఉన్న మా పాలెంలో ఆదివారం ప్రార్థనకు గుడిగంట కొట్టేది దానయ్యే. మిగతా రోజులన్నీ కౌలుచేలో మిరప, పత్తి. మితభాషి. పిల్లల పెంపకంలో మాత్రం మహా పట్టుదల మనిషి. పొద్దుగూకి దీపం వెలిగించగానే ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చోవాల్సిందే. ప్రార్థన కానిదే కంచంలో మెతుకు పడేది కాదు.

ఆయన తమ్ముడు ఆదాం పక్కింట్లోనే ఉండేవాడు. ఇద్దరి ఇళ్ళకూ ఒకటే గోడ. అయినా 1954 వానాకాలం తర్వాత అన్న తమ్ముడితో మాట్లాడలేదు.

ఆ వానల్లో దానయ్య పెద్దకొడుకు యేసుపాదానికి జ్వరం ముదిరింది. మూడేళ్ళవాడు. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళదామంటే నల్లరేగడి దారి మోకాటిలోతు బురద. పాలెంలో ఆదాం తోలే ఆసామి బండి తప్ప మరో దిక్కు లేదు. ఆదాం బండితో పెదకాకాని వెళ్ళి ఉన్నాడు. వెంటనే రమ్మని దానయ్య మనిషిని పంపాడు. కబురు అందింది. కానీ అక్కడ స్నేహితుల ఇంట పెళ్ళివిందు. పొద్దున పోవచ్చులే అనుకుని ఆదాం ఉండిపోయాడు. మర్నాడు బండి వచ్చింది, బిడ్డను ఎక్కించారు, సగం దారిలో తల్లి సువార్తమ్మ ఒడిలోనే పిల్లవాడు కన్నుమూశాడు. బండి వెనక్కి తిరిగింది. దానయ్య ఎక్కలేదు. కొడుకును భుజాన వేసుకుని ఆ బురదలో నడిచే ఇంటికి వచ్చాడు.

తర్వాత తమ్ముడితో మాట్లాడమని పెద్దలు చెప్పారు, పాస్టరుగారు చెప్పారు.

"వాడికి కీడు కోరనయ్యగారూ. అంతకుమించి నన్నడగమాకండి" అనేవాడు దానయ్య.

అయిదేళ్ళు గడిచాయి. కూతురు జీవరత్నం బడికి పోతోంది. ఒక సాయంత్రం చిన్నవాడు ప్రేమదాసు దాని పలక పగలగొట్టాడు. అది వాడి పక్కన కూర్చోనంది.

"తమ్ముణ్ణి క్షమించానని చెప్పమ్మా. అప్పుడే ప్రార్థన" అన్నాడు దానయ్య.

"క్షమిస్తే వాడితో మాట్లాడాలా నాన్నా?"

"మాట్లాడాలి మరి."

"నువ్వు ఆదాం చిన్నాన్నతో మాట్లాడవుగా?"

పిల్లకు ఆ పాత సంగతేమీ తెలియదు. సువార్తమ్మ తల వంచుకుంది. దానయ్య కళ్ళు మూసుకుని ప్రభువు ప్రార్థన మొదలుపెట్టాడు. ఇతరులను మేము క్షమించినట్టే మమ్మల్ని క్షమించమనే చోటికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. మిగతాది సువార్తమ్మ ముగించింది.

మర్నాడు కూడా, "నువ్వు చెప్పించు" అని భార్యకే వదిలేశాడు. ఆ తర్వాతా అంతే. చివరికి ఒకరోజు చేలో కాయ కోస్తుండగా సువార్తమ్మే కదిపింది.

"నేనూ కన్నదాన్నేగా. ఆ మాట అన్నప్పుడల్లా నా గొంతులో మిరపకాయ అడ్డం పడ్డట్టే ఉంటది. అయినా అంటన్నా. మనం మింగేస్తే పిల్లలకెవరు నేర్పుతారయ్యా?"

మర్నాడు పొద్దున్నే దానయ్య గోడ చుట్టూ తిరిగి తమ్ముడి వాకిట్లోకి వెళ్ళాడు. ఎద్దులకు చొప్ప వేస్తున్న ఆదాం నిలువునా బిగుసుకుపోయాడు.

"ఆ రోజు నా కబురు నీకందింది గదా?"

"అందిందన్నా. జొరమే గదా, తగ్గుద్దిలే అనుకున్నా. విందులో కూర్చున్నా. తప్పు నాదే."

వాడు ఏదో సాకు చెబుతాడనుకుని, చెప్పగానే ఏమనాలో దానయ్య ఇన్నేళ్ళుగా మనసులో కూడబెట్టుకుని ఉన్నాడు. ఒక్కటీ అక్కరకు రాలేదు. అరుగు మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. దగ్గరకు రావడానికి ఆదాంకు ధైర్యం చాలలేదు. దూరంగా నిలబడి తనూ ఏడ్చాడు.

కాసేపటికి దానయ్య తలపాగా చెంగుతో ముఖం తుడుచుకున్నాడు.

"కాయ బాగా పండింది. కూలోళ్ళు చాలటంలా. నువ్వూ, మరదలూ రేపు చేలోకి రండి."

"వత్తాం అన్నా."

క్షమించానన్న మాట ఆయన అనలేదు. ఆ సాయంత్రం ప్రార్థన మాత్రం తనే చెప్పించాడు. ఆ చోటికి వచ్చేసరికి మళ్ళీ ఆగాడు. నాన్న మరిచిపోయాడనుకుని జీవరత్నం పక్కనుంచి అందించింది. కూతురి వెంట ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ పూర్తిచేశాడు.

ఆ తర్వాత అన్నదమ్ములు కలిసి చేను చేశారు, గుళ్ళో ఒకే చాప మీద కూర్చున్నారు. కానీ ఏటా వానలు పట్టి, కొడుకు పోయిన రోజు వచ్చిందంటే దానయ్య ఎవరితోనూ పలికేవాడు కాదు. ఆదాం కూడా ఆ రోజు అటు తొంగిచూసేవాడు కాదు. "ఇయ్యాల మీ నాన్నను కదిలించమాకండి" అని సువార్తమ్మ పిల్లలకు చెప్పేది. మర్నాడు దానయ్య తనే వెళ్ళి, "ఏరా ఆదాం, చేలో నీళ్ళు నిలిచినయ్యేమో చూసొద్దాం పద" అని పిలిచేవాడు.