ఆర్డిస్ నోరు మూసుకున్న సీజను

అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలోని ఆ చిన్న కాలేజి ఊళ్ళో శనివారం ఆట ఉందంటే, ఆర్డిస్ హోవ్‌లాండ్ గొంతు మైదానం దాటి ధాన్యం గోదాముల దాకా వినబడేది. స్కూలు వంటశాలలో పనిచేసి రిటైరైన మనిషి. భర్త పోయాక ఆమెకు మిగిలిన సరదా ఒక్కటే, కాలేజి ఫుట్‌బాల్ కోచ్‌ని తిట్టడం. అక్కడి ఫుట్‌బాల్ అంటే బంతి చంకనబెట్టుకుని అవతలివాళ్ళను తోసుకుంటూ పోయే ఆట. వెనకటి కోచ్ ఆమె నోటికి జడిసే ఊరు మారాడని జనం చెప్పుకొనేవారు. ఆమె కాదనేది కాదు.

ఆ ఆగస్టులో కొత్త హెడ్ కోచ్‌గా డ్యూయీ ప్రొహాస్కా వచ్చాడు. భార్య మార్లా పాత ఊళ్ళో ఇల్లు అమ్ముడయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. దాంతో అతను ఆర్డిస్ ఇంట్లో మేడమీది గది అద్దెకు తీసుకున్నాడు. తిన్న ప్లేటు తనే కడిగేవాడు. ఆమె కాల్చిన మాంసం రొట్టెలు మళ్ళీ అడిగి పెట్టించుకునేవాడు. అడగకుండానే చెత్తడబ్బా వీధిలో పెట్టి వచ్చేవాడు.

మొదటి ఆటలో, బంతి తమ దగ్గరే ఉండాలంటే ఆఖరి ప్రయత్నంలో ఇంకో గజం ముందుకు పోవాలి. కుర్రాళ్ళను ముందుకు తోసుకుపొమ్మనకుండా, బంతిని అవతలి జట్టుకు తన్నేయమన్నాడు డ్యూయీ. ఆర్డిస్ తటాలున లేచింది. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున అతను మోసిన చెత్తడబ్బా గుర్తొచ్చి, గుటకేసి కూర్చుంది.

పక్కనే కూర్చున్న స్నేహితురాలు లవాన్ నోరు వెళ్ళబెట్టింది. "ఏమేవ్, ఒంట్లో బాగాలేదా?"

"నా ఇంట్లో తింటున్నాడే. ఎలా తిట్టను?"

"అయితే వాడికి తిండి మానెయ్యి!"

జట్టు ఓడింది. ఆ తర్వాతా ఓడుతూనే పోయింది. మంగలి షాపులోనూ, చర్చిలో ప్రార్థన అయ్యాక కాఫీల దగ్గరా జనం నింద ఆర్డిస్ మీదకే తోశారు. ఆవిడ అరవకే కుర్రాళ్ళు నిద్రపోతున్నారట!

ఒక ఆదివారం టిఫిన్ దగ్గర డ్యూయీయే కదిపాడు. "ఆర్డిస్ గారూ, మీ గొంతు గురించి చాలా గొప్పగా చెప్పారండీ. నాకెందుకు దక్కలేదు?"

"మర్యాద కోసం ఊరుకున్నాను నాయనా."

"ఊరుకోకండి. ఓడినా అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ జాలి చూస్తే ఒళ్ళు జలదరిస్తోంది."

ఆమెకు అంతకంటే ఏం కావాలి? ఆ పై శనివారం మళ్ళీ గజం దూరం దగ్గరే ఆగింది ఆట.

"ఒరే డ్యూయీ! బంతి దానం చేశావంటే రాత్రికి గడప తొక్కనివ్వను! తోసుకుపొమ్మను!"

మైదానమంతా ఘొల్లున నవ్వింది. డ్యూయీ తోసుకుపొమ్మన్నాడు. కుర్రాళ్ళు బోర్లా పడ్డారు. బంతి అవతలి జట్టుకు పోయింది, ఆటా పోయింది.

రాత్రి భోజనాల దగ్గర డ్యూయీ రొట్టె తుంచుతూ ఆమె వైపు చూశాడు.

"సలహా మీదే," అన్నాడు.

"సలహా మంచిదే. నీ కుర్రాళ్ళవే పీలకాళ్ళు!"

అతను పగలబడి నవ్వాడు. గొంతులో రొట్టె అడ్డుపడితే ఆవిడే వీపు చరిచింది. అప్పట్నుంచి వారమంతా ఉప్పుడబ్బాలనూ కప్పులనూ ఆటగాళ్ళుగా నిలబెట్టి బల్లమీద పోట్లాడుకునేవారు.

ఆ సీజనులో గెలిచినవి ఓడినవాటికంటే తక్కువే. కానీ ఆఖరి ఆటలో, మంచు కురుస్తుండగా, పొరుగూరి జట్టుని ఓడించారు. బంతి తన్నెయ్యమని ఆర్డిస్ మొత్తుకుంటుంటే వినకుండా, తోసుకుపొమ్మని గెలిచాడు డ్యూయీ. ఆమె బొంగురు గొంతుతో "నేను చెప్పలా!" అని అందరికీ చెప్పుకుంది.

క్రిస్మస్‌కి మార్లా వచ్చింది. భార్యాభర్తలు రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నారు. మరుసటి ఏడు మొదటి ఆటకి మార్లా వచ్చి ఆర్డిస్ పక్కనే కూర్చుంది. మొదటి అరగంట ఒద్దికగానే ఉంది. తర్వాత మార్లా తన మొగుణ్ణి తిట్టిన తిట్లకు ఆర్డిస్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.