కంపం ఆగాక జారిన నేల

ఆఫీసులో అందరూ ఆయన్ని 'జాతకాలాయన' అనేవాళ్ళు. చేసే పని అలాంటిది మరి! భూకంపం వచ్చిపోయాక పైన నేల ఎటు జరిగిందో ఉపగ్రహం ఫొటోల్లో చూసి, లోపలి రాతి పగులు ఎక్కడెంత జారిందో కంప్యూటర్లో లెక్కగట్టేవాడు. పగులును గళ్ళుగా విడగొట్టి, జారిన గడికి ఎరుపు, కదలని గడికి తెలుపు వేసేవాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మనిషికి పాతాళంలో రాయి ఏం చేసిందో మాత్రం తెలుసు.

ఈసారి కంపించింది వాళ్ళక్క ఊరు. అమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే. ఇల్లు నిలబడింది గానీ, వీధివాళ్ళతో పాటు ఆవిడా మైదానంలో టార్పాలిన్ కింద వానకు నానుతోంది. రోజూ ఫోన్లో ఒకటే పోరు.

"ఒరేయ్, ఇంట్లోకి పోవచ్చా లేదా? అంత చదువు చదివి ఆ ఒక్క ముక్క చెప్పలేవా?"

చెప్పకూడదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ అక్క దగ్గు వినలేకపోయాడు. ఊరి కింది గళ్ళన్నీ ఎర్రగా ఉండడం చూసి, "మీ కింది ముక్క ఆ రోజే జారిపోయిందక్కా. ఇక భయం లేదు, వెళ్ళు" అనేశాడు.

మర్నాడు పక్క సీటావిడ ఆ బొమ్మ చూస్తూ, "ఈ ఉపగ్రహం ఫొటో కంపం వచ్చిన వారానికి తీసింది కదండీ?" అంది.

ఆయన గబగబా తేదీ చూశాడు. ఆ వారం రోజుల కదలికనూ కంపంలోనే కలిపేశాడు! విడదీసి మళ్ళీ లెక్క నడిపితే ఊరి కింద గళ్ళు తెల్లగా వచ్చాయి. ఆ ముక్క కంపంలో జారనే లేదు. తర్వాతే చడీచప్పుడు లేకుండా మొదలెట్టింది, ఇంకా జారుతూనే ఉంది. జారుతూ, బిగుసుకుపోయిన పక్క ముక్క మీదికి భారమంతా నెడుతోంది. అదెప్పుడు తెగుతుందో చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"అక్కా, బయటికొచ్చేయ్! నేను తప్పు చెప్పాను."

"వచ్చాలే, అరవకు. కానీ మా తమ్ముడు చెప్పాడని వీధంతా లోపలికెళ్ళిందిరా."

"వాళ్ళకి ఇంకెవరైనా చెప్తారు. నువ్వు మైదానంలోకి పో. నీ కాళ్ళు పట్టుకుంటా!"

"పంపింది నేనైతే, ఎవరో ఎందుకు చెప్తార్రా?"

ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. తలుపులు బాదడం వినిపిస్తోంది. ప్రతి గుమ్మం దగ్గరా అదే మాట: "మావాడు ఇంకా చూసి చెప్తానన్నాడు. నేనే తొందరపడ్డాను. రండి, బయటికి రండి!"

చివరికి మంచం దిగలేని ముసలాయన ఇంట్లోకి వెళ్ళింది. "తాతా, నా మెడ పట్టుకో" అంది. అంతలో గిన్నెలు దడదడా రాలాయి. ఫోన్ తెగిపోయింది.

ఆ ఇద్దరు తప్ప వీధంతా బతికింది. ఆయన వెళ్ళేసరికి జనం చుట్టూ చేరి, "పాపం, మీరు ఆగమన్నా ఆవిడే తొందరపడిందట బాబూ" అన్నారు.

"లేదండీ, వెళ్ళమన్నది నేనే!" అంటూ ఆయన భోరుమన్నాడు. ఒక్కరూ నమ్మలేదు.