ఎర్రదీపం గది దాటి వచ్చిన లెన్సు

చిలకలూరిపేటలో మా ఫోటో స్టూడియో మూతపడి, మా వారికి కాలు పడిపోయాక, కిటికీ పక్క మంచమే ఆయన లోకమైంది. మాటలు తగ్గిపోయాయి. ఓ రోజు బీరువాలో చిన్న డబ్బా కనబడింది. లోపల ఎన్లార్జర్ లెన్సు. డార్క్‌రూమ్‌లో, ఎర్రదీపం కింద, ఫోటోలు పెద్దవి చేసింది దానితోనే. నిండా బూజు. చూపిస్తే "పారెయ్" అని అటు తిరిగి పడుకున్నారు. నేను ఆ డబ్బా చెంగున కట్టుకుని గుంటూరు బయల్దేరాను.

పొద్దున ఎనిమిదింటికి పల్లెవెలుగు బస్సు. ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అయినా కార్డుందో లేదోనని దారంతా సంచి తడుముతూనే ఉన్నాను. గంట పైనే ప్రయాణం. మంచులో పత్తిచేలు తెల్లగా, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా, నిద్రలో నడుస్తున్నట్టు వెనక్కి జరిగిపోయాయి. బస్టాండులో ఆటో ఎక్కి, "మెల్లగా పో నాయనా, ఒళ్లో గాజుంది" అన్నాను.

"గుడ్లు పొదుగుతున్నట్టు కూర్చున్నారే మామ్మగారూ!" అని నవ్వి, ముప్పై రూపాయలు తీసుకుని మిర్చి కొట్ల వీధిలో దింపాడు.

కళ్లజోళ్లూ కెమెరాలూ బాగుచేసే మస్తాన్ గారి దుకాణం అక్కడే. ఆ రోజు శుక్రవారం, మధ్యాహ్నం నమాజుకు మూస్తారని ముందే కనుక్కుని పొద్దున్నే వచ్చాను. ఆయన డబ్బా మూత తీసి ఆగిపోయారు.

"ఈ ఎండుమిరపకాయలేంటమ్మా?"

"స్టూడియో మూసి దాచినప్పుడు, పురుగు పట్టకుండా వేశానండీ."

"ఇదేమన్నా కందిపప్పా? తేమంతా వీటిదే. బూజు గాజును తినేసుంటే మాత్రం నా వల్ల కాదు."

ఆయన రింగు విప్పి, ఒక్కో అద్దం తుడిచి వెలుగుకు పట్టి చూస్తుంటే, మొక్కిన దేవుళ్ల పేర్లు కలగాపులగమయ్యాయి.

"అంచున మచ్చుండిపోయింది. పర్లేదు, పనికొస్తుంది" అంటూ, దుకాణం నీడలో తెల్లకాగితం పెట్టి దాని ముందు లెన్సు పట్టారు.

వీధి ఆ కాగితం మీదికి వచ్చి వాలింది, తలకిందులుగా. అడుగున నీలం ఆకాశం, పైన ఎర్రటి మిరపకాయల రాశి, మధ్యలో బస్తాలు మోస్తున్న కూలీలు. ఇన్నేళ్లూ ఎర్రదీపం గదిలో నలుపు తెలుపులే చూసిన లెన్సు! మూడు వందలిచ్చి బస్సెక్కాను.

ఇంట్లో తలుపులు మూసి, కిటికీ రెక్క ఒక్కటే తెరిచి, ఆయన ముందు కాగితమూ లెన్సూ పట్టాను. చేతుల వణుక్కి బొమ్మ చెదిరిపోతోంది. ఆయన చాలాసేపు చూశారు.

"చెయ్యి కదపకు! ఎన్నిసార్లు చెప్పాలి? ఇటు తే."

అచ్చం డార్క్‌రూమ్‌లో నేను సాయం చేసేటప్పుడు కసిరినట్టే. లెన్సు ఆయన చేతిలో నిలిచింది. పత్తి ట్రాక్టరొకటి కాగితం మీద తలకిందులుగా, చప్పుడు లేని మబ్బులా వెళ్లిపోయింది.

తిట్టు తిని ఇంత హాయిగా ఊపిరి పీల్చిన రోజు నాకు గుర్తులేదు. ఇప్పుడు రోజూ వీధే మంచం దగ్గరికి వస్తోంది. మబ్బు పడితే బొమ్మ రాదేమోనని నాకు కొత్త బెంగ. మీ ఇళ్లలోనూ పాత లెన్సుంటే గాలీ వెలుతురూ తగిలే చోట పెట్టండి. మిరపకాయలు పప్పు డబ్బాలోనే ఉండనివ్వండి.