తైవాన్ అనే మిరియాల పొట్లం

అమెరికా ఎడారిలో ఉన్న చాండ్లర్‌లో మా చిప్ కంపెనీ లంచ్ రూమ్‌లో కిటికీ పక్క టేబుల్‌ని అందరూ అసెంబ్లీ అనేవాళ్లు. పన్నెండున్నరకి సభ మొదలయ్యేది. అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ మేమే. నాది నల్గొండ, ఎదురుగా కూర్చునే మిత్రుడిది గుంటూరు. తెలంగాణ రావాలా వద్దా అన్నది రోజువారీ ఎజెండా. ఊళ్లో చివరిసారి ఓటు ఎప్పుడు వేశామో ఇద్దరికీ గుర్తులేదు. గొంతులు మాత్రం మైక్రోవేవ్ దగ్గర క్యూలో ఉన్నవాళ్లకి కూడా వినపడేవి.

2011 చివర్లో ఒకరోజు మా టీమ్‌లోని తైవాన్ ఆవిడ లంచ్ బాక్స్ తీసుకుని మా టేబుల్ దగ్గరికి వచ్చింది. జనవరిలో వాళ్ల దేశంలో ఎన్నికలట, వారం లీవ్ కావాలట. నేను టీమ్ లీడ్‌ని. లీవ్ ఇచ్చి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ఆవిడ దేశం గురించి ఆవిడకే క్లాసు పీకాను. టేబుల్ మీద ఉప్పు పొట్లం పెట్టి ఇది చైనా అన్నాను. మిరియాల పొడి పొట్లం పెట్టి ఇది తైవాన్ అన్నాను. మధ్యలో టిష్యూ పేపర్ సముద్రం. మీ రెండు పార్టీల గొడవంతా ఈ ఉప్పుకి దగ్గరగా జరగాలా, దూరంగా జరగాలా అన్నదే కదా అని ముగించాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. తర్వాత మిరియాల పొట్లం చింపి, పొడి టిష్యూ మీద పోసి, వేలి కొసతో ఒక్క నలుసు తీసి పక్కన పెట్టింది.

"మేము ఇది" అంది. ఆవిడతో మాటలన్నీ ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నాను. "మా అమ్మది అమిస్ తెగ. ఆ దీవిలో అందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్లలో మేమొకళ్లం. నువ్వు చెప్పిన రెండు పార్టీల వాళ్లూ మా ఇంటికొచ్చిన చుట్టాలే. ఒకళ్లు ముందొచ్చారు, ఒకళ్లు వెనకొచ్చారు. ఇప్పుడు ఇల్లు ఎవరిదని వాళ్లలో వాళ్లే కొట్టుకుంటున్నారు."

గుంటూరు మిత్రుడు తెలుగులో గొణిగాడు. "ఏవయ్యా, మనిద్దర్నీ కలిపి వాయించేసిందిగా ఈవిడ."

"నన్నెందుకు కలుపుతవన్నా? ఆమె చెప్పింది మీ గురించే" అన్నాను.

మిగతా సంగతి ఆవిడే చెప్పింది. వాళ్ల నాన్నది చైనా నుంచి వచ్చిన కుటుంబం. నాన్న ఇంటిపేరు ఉన్నంతకాలం ప్రభుత్వం ఆవిడని అమ్మ తెగ మనిషిగా లెక్కలోకి తీసుకోలేదు. ఏడాది కిందటే అమ్మ ఇంటిపేరుకి మార్చుకుంది. ఆదివాసులకి ఎంపీలని ఎన్నుకునే బ్యాలెట్ పేపర్ వేరే ఉంటుందట. అది మొదటిసారి చేతిలోకి తీసుకోబోతోంది. పోస్టులో పంపే వీల్లేదు, అమ్మ ఊరికి వెళ్లి వేయాల్సిందే.

నాకు ముచ్చటేసింది. వెంటనే లీవ్ అప్రూవ్ చేశాను. డిసెంబర్‌లో మా చిప్ షెడ్యూల్ జారిపోయి, డిజైన్ ఫ్యాక్టరీకి పంపే గడువు సరిగ్గా ఆ వారానికే వచ్చి కూర్చుంది. మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నేను బయటికొచ్చి ఆవిడని పిలిచాను.

"ట్రిప్ ఒక్క వారం పోస్ట్‌పోన్ చేసుకోగలవా?"

"ఎలక్షన్ పోస్ట్‌పోన్ చేస్తారా?"

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు, మేనేజర్ మీద. కానీ ఎదురుగా ఉన్నది ఆవిడ. "నీ ఓటు ఒక్కటి తగ్గితే ఏమవుతుంది?" అనేశాను.

"మా నాన్న వైపు వాళ్లూ ఇదే అన్నారు" అంది ఆవిడ. "నువ్వు మీ రాష్ట్రం కోసం రోజూ అరుస్తావు కదా. నీతో కూడా ఎవరైనా ఇలా అన్నారా?"

అనడమా? బోలెడుమంది అన్నారు. అన్న ప్రతివాడితోనూ నెలల తరబడి మాటలు మానేసినవాణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇచ్చిన లీవ్ ముట్టుకోలేదు. ఆవిడ పని నేనూ గుంటూరు మిత్రుడూ పంచుకుని, తిట్టుకుంటూ గడువులోపల పూర్తిచేశాం.

తిరిగొచ్చినప్పుడు ఆకులో చుట్టిన కొర్రల ముద్దలు తెచ్చింది. ఎవరు గెలిచారని అడిగితే, "నేను వేసినతను ఓడిపోయాడు, చిత్తుగా" అంటూ నవ్వింది. ఇంత సంతోషంగా ఓడిపోయిన ఓటరుని నేనెక్కడా చూడలేదు.

తర్వాత తెలంగాణ బిల్లు పాసైంది. 2014 ఎన్నికలకి నేనూ వెళ్తానని ఊరంతా చాటాను. అంతకుముందు ఇంటికెళ్లినప్పుడు ఓటర్ల లిస్టులో పేరు కూడా ఎక్కించుకున్నాను. అప్పటికి లీడ్ ఆవిడే. నా లీవ్ నిమిషంలో అప్రూవ్ చేసి, వెళ్లి రా అంది. నేను వెళ్లలేదు. పని ఉందనుకున్నాను. అమ్మాయి డాన్స్ ప్రోగ్రామ్ ఉందనుకున్నాను. నల్గొండలో ఎండలు ఎక్కువ అని కూడా అనుకున్నాను, చాండ్లర్‌లో కూర్చుని.

పోలింగ్ రోజు అసెంబ్లీ కిటకిటలాడింది. ఉప్పు పొట్లాలు ఒక పార్టీ, మిరియాల పొట్లాలు ఇంకో పార్టీ. ఏ జిల్లాలో ఎవరికెన్ని సీట్లో పేర్చి చూపిస్తున్నాను. ఆవిడ లంచ్ బాక్స్‌తో వచ్చి నా పక్కన నిలబడింది.

"ఈ వారమంతా నువ్వు లీవ్‌లో ఉన్నట్టు సిస్టమ్‌లో ఉంది. ఓటు వేయలేదా?"

"కుదరలేదు. అయినా నా ఒక్క ఓటుతో..." అని, అక్కడ ఆగిపోయాను.

గుంటూరు మిత్రుడు పెరుగన్నంలోకి తల దించుకున్నాడు. ఆవిడ నా ఎదురుగా కూర్చుని, నల్గొండ జిల్లాలోంచి ఒక మిరియాల పొట్లం తీసుకుని, చింపి, తన ఉడికించిన గుడ్డు మీద చల్లుకుని తినడం మొదలుపెట్టింది.