అలమర తలుపు వెనక చేప

మా వంటింటి అలమరలకు ఏటా పడవ రంగే. చేపల వేట ఆపేసే వేసవి రోజుల్లో నాన్న పడవకి రంగు వేస్తాడు. డబ్బా అడుగున మిగిలింది వంటింట్లోకి వస్తుంది. అందుకే మా అలమరలు ఓ ఏడు నీలం, ఓ ఏడు పచ్చ, ఒక ఏడైతే ఎర్ర తలుపులూ పసుపు అరలూ. పాత రంగు గీకడం, నున్నగా రుద్దడం లాంటి పనులు మా ఇంటావంటా లేవు. పూత మీద పూత వేసుకుంటూ పోవడమే. తలుపులు లావెక్కిపోయి మూసుకోవడం మానేశాయి. గడియలకు బదులు వల తాడు ముక్కలు కట్టుకుని నెట్టుకొస్తున్నాం.

నేను కళింగపట్నానికి దగ్గర్లోనే ఓ ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. తోటి టీచరు ఇంట్లో మీగడ రంగు అలమరలు చూసి వచ్చిన రోజు నుంచీ మా వంటిల్లు చూస్తే ఒళ్లు మండేది. ఈ వేసవి సెలవులు రాగానే ఫోనులో వీడియోలు చూసి, లప్పం, ప్రైమరు, గరుకు కాగితం, గీకుడు రేకు, మీగడ రంగు డబ్బా తెచ్చి వంటింట్లో పరిచాను.

నాన్న వాటిని చూశాడు. రేకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేటి?"

"పాత రంగు గీకడానికి నాన్నా."

"గోకడాలేటీ వద్దు. పైన ఎయ్యి, సాలు."

"గీకకపోతే కొత్త రంగు పట్టదు."

"ఇన్నేళ్లూ పట్టినాది గదా! సెప్తే ఇనవేటే? గోకొద్దు!"

మా నాన్న గొంతు పెంచే మనిషి కాదు. సముద్రం మీద అరుస్తాడేమో గానీ ఇంట్లో అరవగా నేను వినలేదు. అయినా నాది కూడా ఆయన పోలికే, పట్టుకుంటే వదలను. సరేనని తలూపాను. పడవ ఇంజను బాగు చేయించుకోవడానికి ఆయన శ్రీకాకుళం బస్సెక్కగానే రేకు అందుకున్నాను.

ఇంట్లో నేనూ మామ్మే ఉన్నాం. మామ్మంటే నాన్న తల్లి. గుమ్మం దగ్గర కూచుని చింతపండు గింజలు తీస్తోంది. ముఖాన పావలా కాసంత ఎర్ర బొట్టు, మోచేతి దాకా మట్టి గాజులు. మా తాత సముద్రంలో పోయి నా వయసు కంటే ఎక్కువే అయింది. పోయాడన్నది ఊరి మాట. మామ్మ మాట అది కాదు. వంశధార సముద్రంలో కలిసే చోట వల తీయడానికి తాత చిన్న పడవ వేసుకుని ఒక్కడే వెళ్లాడట. ఇంతలో గాలి తిరిగింది. అందరూ వచ్చారు, ఆయన రాలేదు. గాజులు తీయించడానికి చుట్టాలు వస్తే మామ్మ తలుపేసుకుందట.

"మడిసి రాలేదు, సరే. పడవా రాలేదు గదా? వొట్టి పడవ వస్తే అప్పుడు సూద్దాం. వస్తాడు," అందట. పడవ వస్తేనే గాజులు తీస్తానన్న ఆ మాటను ఊరు కాదనలేకపోయింది. ఇప్పటికీ అదే మాట. మూడో అలమరలో తాత కంచు కంచం ఉంటుంది. పండగొస్తే దాన్ని చింతపండుతో తోమి మళ్లీ అక్కడే పెడుతుంది. అందులో ఎవరూ తినకూడదు. చిన్నప్పుడు ఒకసారి ఆ కంచంలో జంతికలు పోసుకున్నందుకు నా వీపు విమానం మోత మోగింది.

మొదటి తలుపు గీకడం మొదలుపెట్టాను. పచ్చ లేచింది, కింద నీలం, దాని కింద ఎరుపు. రంగు రొట్టె పెచ్చుల్లాగా ఊడుతోంది. చెక్క అంచు వెంట లప్పం రాలి, వరసగా చిల్లులు బయటపడ్డాయి. పాత పడవల పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. అవి ఆ కుట్టు చిల్లులు.

"మామ్మా, ఇది పడవ చెక్కే!"

"నాకు తెలీదేటి? నీ అయ్య పెళ్లికి ముందు ఎక్కడో పాత పడవ కొని కొట్టించినాడు. పడవ సెక్క పొయ్యిలో పెట్టకూడదు, మనకి అచ్చిరాదు," అంది తలెత్తకుండా.

మూడో అలమరకి వచ్చాను. తలుపు బయటి వైపు అయింది. లోపలి వైపు గీకుతుంటే అడుగు పూత కింద నల్లగా ఓ తోక కనబడింది. చేప బొమ్మ. సరదా పుట్టి ఇంకాస్త గీకాను. మొప్ప వచ్చింది, కన్ను వచ్చింది. కన్ను పైన, నుదుటి మీద, గుండ్రంగా ఎర్ర బొట్టు.

నా చేయి ఆగిపోయింది. ఆ చేపను నేనెప్పుడూ చూడలేదు, కానీ పుట్టినప్పటి నుంచీ దాని గురించి వింటున్నాను. తాత తన పడవ ముందు భాగాన చేప బొమ్మ వేసుకుని దానికి బొట్టు పెట్టాడట. సేపకి బొట్టేటిరా అని ఊరంతా నవ్వితే, మా ఇంటిదాన్ని కూడా వేటకి తీసుకెళ్తన్నాను, మీకేటి అన్నాడట. ఇది చెప్పేటప్పుడు మామ్మ ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

రాని పడవ మా వంటింట్లో ఉంది.

నాకు తోచింది ఒక్కటే, ఆమె కంటపడకుండా కప్పెయ్యాలి. కొత్త రంగు డబ్బా లాక్కున్నాను. మూత రాదు. గరిటె కాడతో పొడిచాను, రాలేదు.

"ఏటే, నోరు పడిపోనాదా? ఉలుకూ పలుకూ లేదు," అంటూ మామ్మ లేచి వచ్చేసింది. తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. నన్ను చేత్తో పక్కకు నెట్టింది.

చూసింది. ఏడుస్తుందనుకున్నాను, పడిపోతుందనుకున్నాను. బొటనవేలు తీసుకెళ్లి చేప నుదుటి మీద పెట్టింది, అంతే. తర్వాత అరలోకి చూసింది, కంచం వైపు.

"ఇన్నాళ్లూ ఈ కంచం మీ తాత పడవలోనే ఉన్నాదే," అంది.

అక్కడే రంగు పెచ్చుల మీద కూలబడింది. కంచం మీంచి చూపు తిప్పలేదు. నాకు భయమేసింది. ఏడ్చినా బాగుండేది.

మధ్యాహ్నానికి నాన్న వచ్చాడు. చెప్పులు విడవకుండానే గుమ్మంలో ఆగిపోయాడు. తలుపునీ తల్లినీ చూశాడు. నా వైపు చూడలేదు. చూసుంటే నేను అక్కడే చచ్చిపోయేదాన్ని.

"ఎక్కడ దొరికినాదిరా?" అంది మామ్మ.

"ఒడిశా ఒడ్డునమ్మా. సగమే ఉన్నాది. ఎతుక్కుంటా పోయినాను, కనపడినాది."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే నీ గాజులు తీసెత్తారు గదా." నాన్న గొంతు చిన్నపిల్లాడిది అయిపోయింది. "ఒడ్డుకి తెత్తే ఊరంతా గుర్తుపడతాది. పొయ్యిలో పెట్టలేను. ఒదిలేసి రాలేకపోనాను. ఆ ఊరి వడ్రంగి సేత అక్కడే అలమరలు కొట్టించి, రంగేసి తెచ్చినాను."

మామ్మ లేచి వెళ్లి నాన్న చెంప పగలగొట్టింది. తల నెరిసిన మనిషిని, నా ముందే. ఆయన కదలలేదు. ఆమె మళ్లీ కొట్టబోయి, ఆ చేతిని ఆయన భుజం మీద వేసింది.

తర్వాత కంచం తీసింది. కుళాయి కింద కడిగింది. పీట వాల్చి నాన్నను కూచోమంది. అన్నం పెట్టి, ఎండు నెత్తళ్ల పులుసు పోసింది. గాజులు చేతికే ఉన్నాయి, బొట్టు ముఖానే ఉంది. వాటి సంగతి అడిగే ధైర్యం నాన్నకీ లేదు, నాకూ లేదు.

నాన్న కంచం ముట్టుకోలేదు.

"ఇది అయ్య కంచమమ్మా," అన్నాడు.

నా ఎరుకలో ఆ రోజు దాకా మామ్మ తాత గురించి 'వస్తాడు' అనకుండా మాట ముగించింది లేదు.

"రానోడికి కంచమెందుకురా? తిను, సల్లారిపోతాది," అంది.