పీపాల పుల్ మీద ఒక శుక్రవారం

నా కుట్టుమిషన్ కాడ కూసున్న ఆడోళ్లు దయ్యాల ముచ్చట మొదలువెడితే, "గదంతా ఉత్తదే గని, నువ్వు ముందు జాకెట్ కొలత చెప్పు" అని నోరు మూయించేదాన్ని. ఇప్పుడు నేనే చెప్పుకునే రోజొచ్చింది. నవ్వుకుంటే నవ్వుకోండ్రి.

మాది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. చిన్నప్పుడు పోలియో వచ్చి నా రెండు కాళ్లు పడిపోయినయ్. మా కుంట మీద నిజాం కాలం నాటి తేలే వంతెన ఉంది, పీపాల పుల్ అంటం. పీపాల మీద ఆరు పెద్ద చెక్క పలకలు, ఒకదానికొకటి గొలుసులు. ఆదివారమైతే బడంగ్‌పేట్ దిక్కు నుంచి జనం ఫోటోలు దిగనీకె వస్తరు. నా బడి అవతలి గడ్డన ఉండె. పదేండ్లు రోజూ మా అన్న వీపు మీదనే దాన్ని దాటిన.

దాని మీద బండి పోవాలంటే ఒక పద్ధతుంది. బరువు పలక ముందు కొసకు పోంగనే ఆ కొస నీళ్లల్ల మునుగుతది, ఎనక కొస లేస్తది. అందుకే ఎనక కొస మీద ఒక మనిషి నిలబడాలె. అప్పుడే ముందు కొస పైకొచ్చి, చక్రం అవతలి పలక మీదికి ఎక్కుతది. దీన్ని తోక తొక్కుడు అంటం. తోక తొక్కేటోడు లేంది మా ఊర్ల ఎవ్వలు బండి ఎక్కియ్యరు.

నిరుడు కూసొని నడిపే బ్యాటరీ బండి కొనుక్కున్న. "ఇగ నీ వీపు నాకు అక్కర్లేదు పో" అని అన్న ముందట గొప్పలు వోయిన. నవ్విండు గని, మొహం జర చిన్నవోయింది. నెల తిరగకముందే గుండె ఆగి పోయిండు. ఆ మాట ఎందుకన్ననో అని ఇప్పటికీ అనుకుంట.

అన్నను అవతలి గడ్డన మా చెల్కల, మా చేన్లనే, బొందవెట్టిన్రు. నన్ను ఎత్తుకపోయేటోడే పోయె, ఇగ నన్నెవరు తీస్కపోతరు? ఒక్కసారన్న ఆ సమాధి చూడాలె, ఇంకొకరి వీపెక్కకుండ పోవాలె అని మొండికేసిన.

శుక్రవారం మధ్యాహ్నం పోయిన. పుల్ కావలి కాసే మొయిన్ భాయ్ నమాజుకు పోయిండు. ఆయన వచ్చేదాక ఆగాలె. నేను ఆగలే.

మొదటి పలక కొసకు పోంగనే బండి ముందుకు ఒరిగింది. నీళ్లు నా పాదాల మీదికొచ్చినయ్. ఎనకకు తిప్పుదామంటే చక్రం జారుతుంది. నాకు ఈత రాదు. "అన్నా!" అని ఒర్లిన.

పలక ఎనక కొస కిర్రుమన్నది. ముందు కొస మెల్లగ లేచింది, చక్రం ఎక్కింది. బండి అద్దంల చూసిన. ఎనక కొస నీళ్లల్ల మునిగి ఉంది. దాని మీద ఎవ్వలు లేరు.

రెండో పలక కాడ అట్లనే అయింది. మూడోదాని కాడ అట్లనే. నాలుగోదానికి భయం పోయి ఏడుపు మొదలైంది. "జర మెల్లగ తొక్కు, బండి ఊగుతుంది" అని కసురుకున్న కూడ. మా ఇద్దరికీ కసురుకునుడే ప్రేమ.

సమాధి కాడ గంటసేపు కూసున్న. నేను ఆనాడన్న మాటకు మాఫ్ చెయ్యమని అన్నను అడిగిన.

తిరిగి పుల్ కాడికి వచ్చేసరికి మొయిన్ భాయ్ ఆ గడ్డకే వచ్చి నా కోసం కూసున్నడు. "పాగల్ అయినవా చెల్లె? ఒక్కదానివే ఎట్ల వచ్చినవ్?" అని తిట్టిండు. మసీదు కాడి నుంచి వస్తుంటే, ఆఖరి పలక మీద నన్ను చూసిండట. "ఎనక మనిషి లేడు. గని తోక మునిగే ఉండె" అన్నడు.

"భాయ్, జర ఆగు, నువ్వు తొక్కకు" అని నేనే ఎక్కిన. పలక ముందుకు ఒరిగింది. నీళ్లు మళ్ల పాదాల మీదికొచ్చినయ్. "అన్నా" అని పిలిచిన. ఇంకోసారి పిలిచిన. ఆఖరికి మొయిన్ భాయ్ వచ్చి నిలబడ్డడు. ఆరు పలకలూ ఆయనే తొక్కిండు.

బ్యాటరీ బరువు ఎనక ఉంటది గద అని ఒకరు, కింద నాచు అడ్డం వడ్డదేమో అని ఒకరు నాకు సర్ది చెప్పిన్రు. అదే బండి, అదే నాచు, వచ్చేటప్పుడు ఎందుకు పని చెయ్యలే? పోయేటప్పుడు తోక తొక్కింది ఎవరో నాకు తెల్వది. గని వచ్చేటప్పుడు నేను పిలిచినా ఎవ్వలు తొక్కలే సూడు, అన్న నిజంగ పోయిండని నాకు గప్పుడే తెలిసింది.